అడిగి పోయించుకున్న ఒడిబియ్యం

ఒడిబియ్యం అడిగి పోయించుకునేవి కావు. మా తెలంగాణ ఇండ్లలో ఆడపిల్ల పెండ్లయి వెళ్లాక మూడేండ్లకో ఐదేండ్లకో తల్లిగారింటి వాళ్లు ఆమెను పిలిచి, పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో ఆమె కొంగులో పోస్తారు. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపుకొమ్ములు, ఒక చీర, ఒక రవికె గుడ్డ. ఆమె ఆ మూటను తన ఇంటికి తీసుకుపోయి వండి, వాడకట్టు వాళ్లను పిలిచి పెడుతుంది. నువ్వు ఈ ఇంటి బిడ్డవే, నీ వెనక మేమున్నాం అని చెప్పడానికి మా వాళ్లకు తెలిసిన పద్ధతి అది. పిలవకపోతే ఆడపిల్ల అలుగుతుంది, ఏడుస్తుంది, అన్నదమ్ముల్ని నాలుగు మాటలంటుంది. అంతేగాని గడప దగ్గరికి వచ్చి నాకు ఒడిబియ్యం పొయ్యండి అని అడగదు. డెబ్బై దాటిన నా బతుకులో అట్లా అడిగిన మనిషిని ఒక్కరినే చూశాను. అడిగింది మా ఇంటికే వచ్చి.

వానలు మొదలైన రోజులు. మేం ఉండేది మారేడుపల్లిలో, పాత ఇల్లు. వకాలతు మానేసి చాలా కాలమైంది కాబట్టి పొద్దున పేపరు చదవడం, చదివినదాన్ని తిట్టడం తప్ప నాకు వేరే పని లేదు. మా ఆవిడ సుశీల వచ్చి, “ఏవండీ, ఎవరో పెద్దావిడ వచ్చారు. లోపలికి రమ్మంటే రావడం లేదు. మిమ్మల్నే పిలవమంటున్నారు” అంది. సుశీలది గుంటూరు వైపు. నలభై ఏండ్లుగా నా భాష మీద ఇస్త్రీపెట్టె తిప్పుతూనే ఉంది, అయినా కోపం వస్తే, సిగ్గు వస్తే ముడతలన్నీ మళ్లీ లేస్తాయి. బయటికి వెళ్లి చూస్తే మెట్ల కింద ఒక ముసలామె. పొడుగ్గా, సన్నగా, నుదుట రూపాయంత బొట్టుతో, ఎడమచెయ్యి నడుము వెనక పెట్టుకుని నిలబడి ఉంది. ఆ నిలబడ్డ తీరు చూసి మెట్ల మీదే ఆగాను. మా బాపు, నన్ను కన్న తండ్రి, అచ్చం అట్లాగే నిలబడేవాడు.

“చిన్నదొరా, గుర్తువట్టలేదా? నేను కనకవ్వను. ముత్తవ్వ బిడ్డను” అంది.

గుర్తుపట్టకేం. లోపలికి రమ్మన్నాను. బలవంతం చేస్తే వరండా దాకా వచ్చింది. ఎక్కడుంటున్నావని అడిగితే నవ్వింది. “ఈడనే, సీతాఫల్‌మండిల. పట్నమొచ్చి శానేండ్లాయె. మా ఆయన గూడ్సుల కాడ హమాలి చేసిండు. కొడుకు బండ్లు రిపేరు చేస్తడు. మిమ్ముల మోండా మార్కెట్ల మస్తుసార్లు సూసిన దొరా. సంచి పట్టుకొని బెండకాయలకు కొట్లాడుతుంటే నవ్వొచ్చేది. పిలుద్దామనుకున్న. ఏమనుకుంటరో ఏమో అని ఊకున్న.” సుశీల టీ తెచ్చి ఇచ్చింది. రెండు చేతులతో పట్టుకుని తాగి, కప్పు తానే కడుగుతానని లేచింది. సుశీల వద్దని లాక్కోవాల్సి వచ్చింది. ముత్తవ్వ పోయి చాలా కాలమైందని, చివరిదాకా తన దగ్గరే ఉందని అప్పుడే చెప్పింది. నన్ను పెంచిన మనిషి పోయిన సంగతి నాకు అంతవరకూ తెలియదు. తెలుసుకోవాలని కూడా తోచలేదు.

తర్వాత అసలు మాట. అది చెప్పడానికి ఆమె కొంగును ముడివేసి విప్పి, మళ్లీ ముడివేసింది. “మా ఆయన పానం బాగలేదు దొరా. కిడ్నీలు పోయినయన్నరు. ఇగ ఎక్కువ రోజులు లేవని డాక్టరు మా కొడుకుతోటి చెప్పిండు, నాకు చెప్పొద్దన్నడట, గని నాకు ఎర్కైంది. మొన్న నా కోడలికి వాళ్ల తల్లిగారోళ్లు ఒడిబియ్యం పోసిన్రు. అందరు కూసున్నప్పుడు ఎవరో అడిగిన్రు, అత్తా, నీ తల్లిగారేది ఊరు, నీకు ఎన్నిసార్లు పోసిన్రు అని. నేనేం చెప్పాలె? నా పుట్టుకకు ఎవ్వరు పొయ్యలే. ఆయన ఉన్నన్ని రోజులే గద దొరా నేను ముత్తైదువను. ఆయన పోతే ఇగ ఎవరు పొయ్యరు, పొయ్యొద్దు సుత. ఒక్కసారి మీరు పొయ్యుండ్రి. చీరె నేనే తెచ్చుకుంట. బియ్యం సుత నేనే తెచ్చుకుంట. మీ చేతులతోటి పోస్తే సాలు.”

నిజం రాస్తాను. ఆమె అట్లా అడుగుతుంటే నాకు మొదట వచ్చిన ఆలోచన జాలి కాదు, ప్రేమ కాదు. ఒడిబియ్యం పోస్తే మా ఇంటి ఆడబిడ్డ అని ఒప్పుకున్నట్టే, రేపు ఎవరైనా వాటా అడిగితే ఇదొక సాక్ష్యం అవుతుంది కదా అని. వకీలు బుద్ధి, ఇంకెక్కడికి పోతుంది. ఛీ, నా బతుకు చెడ! బియ్యం తానే తెచ్చుకుంటానన్న మనిషి ముందు కూర్చుని నేను భూముల సర్వే నంబర్లు ఆలోచించాను. అక్కను ఒక మాట అడిగి చెబుతానన్నాను. కనకవ్వ తలూపింది. “పెద్దదొరసానమ్మ ఒప్పుకుంటదా?” అని మాత్రం అడిగి వెళ్లిపోయింది. సుశీల గోడ మీది బాపు ఫొటో చూసి నా వైపు తిరిగి, “ఆవిడ మీ నాన్నగారి కూతురే కదండీ?” అంది. మా పెండ్లయిన ఇన్నేండ్లలో ఆ మాట మా ఇంట్లో పలికిన మొదటి మనిషి ఆమే.

మా ఊరి పేరు రాయను. రాస్తే మా వాళ్లకు కోపం, రాయకపోతే ఊరికి పోయేదేమీ లేదు. గోదావరికి ఇవతల, ఎత్తైన మట్టిగోడల గడీ, అంటే దొరల కోటలాంటి ఇల్లు, దాని ముందు బాపు కచేరి చేసే అరుగు. ఊళ్లో ఎవరి గొడవైనా ఆ అరుగు ముందుకే రావాలి. కుమ్మరి కుండలు, చాకలి ఉతుకుడు, మాదిగ చెప్పులు, గొల్ల గొర్రె, అన్నీ గడీకి ఊరికే రావాలి. దాన్ని వెట్టి అంటారని నాకు పట్నం వచ్చి చదువుకున్నాకే తెలిసింది. అప్పటిదాకా ఊళ్లో అందరూ మాకు ప్రేమతో తెచ్చి ఇస్తున్నారనే అనుకున్నాను. తెల్లవారకముందే గంగాళంలో నీళ్లు కాగే వాసన, తుమ్మకట్టెల పొగ, పెరట్లో పేడకళ్లు, బాపు తల తుడుచుకోగానే రాసుకునే అత్తరు. నా చిన్నతనం తలుచుకుంటే ఈ వాసనలే ముందు వస్తాయి. ఇన్నేండ్లుగా అవి నాకు తీయగానే ఉండేవి. ఆ నీళ్లు కాచిందెవరో, తుమ్మకట్టెలు కొట్టిందెవరో వాసనల్లో తెలియదు గదా.

మా అమ్మ పెండ్లికి వాళ్ల నాయన ఇచ్చిన అరణంలో వెండి కంచాలు, ఇత్తడి గంగాళాలు, రెండు పాలబర్రెలు, ముత్తవ్వ ఉన్నాయి. ఉన్నాయి అనే రాశాను, కొట్టివేయను. మా ఇంట్లో అట్లాగే చెప్పేవారు. అరణం అంటే కూతురి వెంట పుట్టింటి వాళ్లు పంపే సొమ్ము. ఆ సొమ్ములో ఒక ఆడమనిషి కూడా ఉంటుంది, ఆమెను ఆడబాప అంటారు. దొరసాని వెంట వస్తుంది, దొరసాని కాళ్ల దగ్గరే ముసలిదవుతుంది. ఆమెకు పెండ్లి లేదు. ఆమె ఇంటి పేరు, ఊరు, కన్నవాళ్లు ఎవరికీ అక్కర్లేదు. పిల్లలు పుడితే మాత్రం ఎవరూ ఆశ్చర్యపోరు, ఎవరికి పుట్టారనీ అడగరు. పుట్టిన పిల్లలు గడీకే చెందుతాయి. ఇదిగో, మళ్లీ అదే మాట వచ్చింది. పశువులకూ వస్తువులకూ వాడే క్రియ వాళ్లకు వాడి వాడి మా నోళ్లు అట్లా తయారయ్యాయి.

ముత్తవ్వ పొద్దున అందరికంటే ముందు లేచేది. వాకిలి ఊడ్చి, సానుపు చల్లి, నీళ్లు కాచి, నన్ను లేపి నలుగు పెట్టి స్నానం చేయించేది. గరుకు చేతులు, కానీ కళ్లలోకి ఒక చుక్క పోనిచ్చేది కాదు. ఆమె దగ్గర పసుపు, ఆముదం, పొగ కలిసిన వాసన వచ్చేది. బాపు బయటి నుంచి రాగానే చెంబుతో నీళ్లు తెచ్చి కాళ్లు కడిగేది. అన్నం తినేటప్పుడు విసనకర్ర, అమ్మ పడుకుంటే కాళ్లు పిసకడం. మాకు సన్నబియ్యం, వాళ్లకు జొన్న గట్క. ఆమె కన్న పిల్ల కనకవ్వ రోలు పక్కన గంపలో పడుకుని పెరిగింది. నేను ముత్తవ్వ ఒళ్లో పెరిగిన. కోర్టు బారులో, పెండ్లిండ్లలో, సీసా ముందు పెట్టుకుని కూర్చున్న దోస్తుల దగ్గర ఆ మాట నేను ఎన్నిసార్లు చెప్పానో! “మా దగ్గర వాళ్లను ఇంటి మనుషుల్లెక్క చూసుకునేవాళ్లం, మమ్మల్ని పెంచిందే వాళ్లు” అని గొప్పగా చెప్పేవాణ్ణి. నన్ను ఒళ్లో పెట్టుకున్నప్పుడు ఆమె బిడ్డ గంపలో ఉందన్న సంగతి ఆ గొప్పలో ఎక్కడా రాలేదు.

బాపు మంచివాడని ఊరూరా పేరు. ఖద్దరు కట్టేవాడు, సమితి ప్రెసిడెంటు. ఎలక్షన్లు వచ్చాయంటే గడీ ముందు జీపులు ఆగేవి, పట్నం నుంచి నాయకులు దిగేవారు, వంటింట్లో యాటలు తెగేవి. మా ఊళ్లో ఓటు ఎవరికి వెయ్యాలో ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోవాల్సిన పని లేదు, బాపు గుర్తు చెప్పేవాడు, ఊరు గుద్దేది. జెండా పండుగనాడు బడి ముందు ఆయన మాట్లాడితే నాకు రోమాలు నిక్కబొడుచుకునేవి. “ఇగ ఈ దేశంల ఎవరు ఎవరికి బానిస గాదు” అని ఆయన చెయ్యెత్తి అంటుంటే, పాన్ ఉమ్మడానికి ఇత్తడి గిన్నె పట్టుకుని ముత్తవ్వ స్తంభం పక్కన నిలబడి ఉండేది. అందరూ చప్పట్లు కొట్టేవారు. నేను అందరికంటే గట్టిగా కొట్టేవాణ్ణి. చేతిలో గిన్నె ఉంది కాబట్టి ముత్తవ్వ కొట్టలేకపోయేది.

ఒక ఎలక్షనప్పుడు జరిగిన సంగతి మా ఇంట్లో ఎవరూ మళ్లీ ఎత్తలేదు. నాయకులు అరుగు మీద కూర్చున్నారు. కనకవ్వ అప్పటికి పొడుగు సాగింది, నీళ్ల చెంబు తీసుకుని వచ్చి నిలబడింది, ఎడమచెయ్యి నడుము వెనక పెట్టుకుని. పక్కనే బాపు, ఆయనా అదే తీరు. వచ్చినవాళ్లలో ఒక పెద్దమనిషి ఇద్దర్నీ చూసి, ఏ పాపం ఎరగక, “దొరా, మీ చిన్నబిడ్డా?” అనడిగాడు. అరుగు కింద ఉన్న ఊరివాళ్లు కండువాలు సర్దుకున్నారు. నాకు ఎందుకో అర్థం కాలేదు. బాపు పెద్దగా నవ్వి, “ఇంటి పిల్ల” అన్నాడు. మా వైపు ఇంటి బిడ్డ వేరు, ఇంటి పిల్ల వేరు. బిడ్డకు ఒడిబియ్యం పోస్తారు, పిల్లతో ఎంగిలి కంచాలు తీయిస్తారు. తలుపు వెనక అమ్మ అంతా విన్నది. ఆనాటి నుంచి కనకవ్వ వచ్చినవాళ్ల ముందుకు రావద్దని అమ్మ ఆజ్ఞ. ఆ ఏడాదే రుక్మక్క పెండ్లి కుదిరింది, అక్క అరణంలో కనకవ్వను రాసేశారు. ఒక బిడ్డకు ఇంకో బిడ్డను సొమ్ముగా ఇచ్చి పంపారు మా బాపు. ఇంత సూటిగా ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేండ్లు పట్టింది.

రుక్మక్కను పంపేనాడు ఒడిబియ్యం పోశారు. మేనత్తలు, అమ్మ, ఊళ్లో ముత్తైదువులు దోసిళ్లు పట్టి పోస్తుంటే అక్క కొంగు నిండిపోయింది. అక్క ఏడ్చింది, అమ్మ ఏడ్చింది, బాపు కండ్లు తుడుచుకున్నాడు. ఆ బియ్యం మూట కట్టి కనకవ్వ నెత్తిన పెట్టారు. అక్క గూడుబండిలో కూర్చుంది, కనకవ్వ మూట మోస్తూ బండి వెనక నడిచింది. ముత్తవ్వ ఆనాడు ఏడ్చిందా అని కనకవ్వ వచ్చి వెళ్లిన తర్వాత ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. మేమంతా అమ్మ ఏడుపునే చూస్తూ ఉండిపోయాం.

తర్వాత కొన్నేండ్లకు సంఘం వచ్చింది. ఊళ్లో ఎర్రజెండా లేచింది, చాకలి గడీ బట్టలు ముట్టనన్నాడు, జీతగాళ్లు కట్టగట్టుకుని వెళ్లిపోయారు. బాపు ఒక రాత్రి జీపులో సామాన్లేసుకుని సికింద్రాబాదు వచ్చి పడ్డాడు. మారేడుపల్లి కిరాయి ఇంట్లో కూర్చుని, తన నీళ్లు తాను తోడుకుంటూ, ఊరికి నేనేం తక్కువ చేసిన అని ప్రతివాణ్ణీ అడుగుతూనే పోయాడు. అక్క వాళ్ల గడీ కూడా ఖాళీ అయింది. ఆ గడబిడలో కనకవ్వ బయటపడి, వాళ్లమ్మను వెంటబెట్టుకుని పోయి, మల్లయ్యను పెండ్లి చేసుకుందని విన్నాం. “విశ్వాసం లేని జాతి” అంది అమ్మ. మేమెవ్వరం కాదనలేదు.

రుక్మక్క ఇప్పుడు బావతో కలిసి బోయిన్‌పల్లిలో కొడుకు దగ్గర ఉంటుంది. ఫోన్ చేసి సంగతి చెప్పాను. వినగానే షురూ చేసింది. “అది నా అరణం రా. అరణానికి ఒడిబియ్యమేందిరా? నీకేమన్న మతి పోయిందా? ఏదో ఒక చీరె పెట్టి, చేతుల ఇంత పైసలు పెట్టి పంపు.”

“పైసలు అడుగుతలేదక్కా. దోసిట్ల బియ్యం అడుగుతుంది.”

“ఇయ్యాల బియ్యం అడుగుతది, రేపు భూమి అడుగుతది.”

“నాకు సుత గదే ఆలోచన వచ్చింది. అందుకే సిగ్గయితుంది” అన్నాను. “అక్కా, నిజం చెప్పు. అది బాపు బిడ్డ అని నీకు తెల్వదా?”

“తెల్వకేందిరా. నా అత్తగారింట్ల అద్దం ముందల నాకు జడ వేస్తుంటే అద్దంల ఇద్దరం కనవడేటోళ్లం. నాకు తెల్వకేంది” అంది అక్క. ఆ తర్వాత ఆమె గొంతు మెత్తబడింది. వస్తానంది. ఒక్కటే షరతు, బాపు పేరు ఎవ్వరూ ఎత్తొద్దు. సరేనన్నాను. ఆ షరతుకు ఒప్పుకోవడం కూడా నాకు అప్పుడు పెద్ద ఔదార్యంగానే కనబడింది.

మంచి రోజు చూశాం. సుశీల మోండా మార్కెట్ వెళ్లి, రాళ్లూ నూకలూ లేని సన్నబియ్యం ఏరి తెచ్చింది. కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, మంచి పట్టుచీర. తన వైపు పద్ధతి వేరు కాబట్టి ప్రతిదానికీ నన్ను అడగడం, నాకు తెలియక అక్కకు ఫోన్ చేయడం. హాలు కడిగి, ముగ్గు వేసి, దాని మీద పీట వేసి పసుపు కుంకుమలు పెట్టింది. అక్క పొద్దున్నే వచ్చి అన్నిటికీ వంకలు పెట్టింది. కుడుకలు ఇంత చిన్నవి తెస్తరా, బియ్యానికి పసుపు సరిగ్గా పట్టలేదు, నూనె జెర ఎక్కువైంది. సుశీల పండ్లు బిగపట్టి ఊరుకుంది. నా భయమంతా ఒక్కటే. ఒడిబియ్యం పోసే ముందు ఆడబిడ్డ కాళ్లకు పసుపు పూయాలి. ఎవరు పూస్తారు? సుశీల నేను పూస్తానంది గాని, పెద్ద ముత్తైదువ అక్క ఉండగా ఆమె పూయడం బాగుండదు. అక్క కనకవ్వ కాళ్లు ముట్టుకుంటుందా? పొద్దుటి నుంచి నా పానం ఆ పసుపు గిన్నె మీదే ఉంది.

కనకవ్వ కొడుకుతో, కోడలితో ఆటోలో వచ్చింది. వాళ్లు గడప బయట ఆగితే సుశీల లోపలికి పిలిచింది. అక్కా కనకవ్వా ఒకరినొకరు చూసుకున్నారు. “ముసలిదానివైనవే” అంది అక్క. “మీరు సుత గట్లనే అయిండ్రు గద దొరసానీ” అంది కనకవ్వ, ఇద్దరూ నవ్వారు. నాకు కాస్త ఊపిరి ఆడింది. కనకవ్వ కూర్చుంది. అక్క పసుపు గిన్నె చేతిలోకి తీసుకుని ఒక క్షణం ఆగింది, మోకాళ్ల నొప్పులతో మూలుగుతూ వంగింది, కనకవ్వ పాదాలకు పసుపు పూసింది. పూస్తూ ఏడ్చింది. కనకవ్వ “వద్దు దొరసానీ, వద్దు” అని కాళ్లు వెనక్కి లాక్కుంటుంటే, “ఊకో పిల్లా” అని కసిరి మరీ పూసింది. నా గుండె నిండిపోయింది. ముగ్గురం దోసిళ్లతో బియ్యం పోశాం. కోడలు ఫోన్లో ఫొటోలు తీసింది. పోయించుకున్న ఆడబిడ్డ పుట్టిల్లు చల్లగా ఉండాలని కొన్ని బియ్యం తిరిగి ఇంట్లో వదలాలి కదా, కనకవ్వ పిడికిళ్లతో తీసి పళ్లెంలో పోసి, “నా తల్లిగారిల్లు సల్లగుండాలె” అంది. లేచి నా కాళ్లకు దండం పెట్టి, “పోయొస్త అన్నా” అంది. అన్నా అని ఆమె పిలవడం అదే మొదలు.

నేను గాలిలో తేలిపోయాను. ఒక పెద్ద పని చేశామని, మా బాపు చెయ్యలేనిది నేను చేశానని పొంగిపోయాను. సుశీలతో అన్నాను కూడా, “చూసినవా, మనుషులు మారుతరు” అని. అక్క కూడా వెళ్తూ, “మంచి పని చేసినవ్ రా తమ్మీ” అంది. ఆ రోజుల్లో వచ్చిన ప్రతి చుట్టానికీ ఈ కథ చెప్పుకున్నాను. చెప్పేటప్పుడు అక్క వంగి పసుపు పూసిన చోట నా గొంతు బొంగురుపోయేది, వాళ్ల కండ్లు చెమర్చేవి.

ఎక్కువ రోజులు పట్టలేదు. మల్లయ్య పోయాడని కనకవ్వ కొడుకు ఫోన్ చేశాడు. దినాలయ్యాక పుట్టింటివాళ్లు చీర తీసుకుపోవాలి, అదీ మా ఆచారమే. సుశీలకు జ్వరంగా ఉండి రాలేకపోయింది. నేను చీర పట్టుకుని ఒక్కణ్ణే సీతాఫల్‌మండి వెళ్లాను. సందులో సందు, రెండు గదుల ఇల్లు. కనకవ్వ గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది, నుదురు బోసిగా. నన్ను చూసి, “అన్నా, వచ్చినవా” అని లేవబోయింది, వద్దన్నాను. కోడలు కుర్చీ తుడిచి వేస్తే కూర్చున్నాను. చీర ఆమె చేతుల్లో పెట్టాను. మల్లయ్య చివరి రోజుల గురించి మాట్లాడుకున్నాం. “ఒడిబియ్యం వండిననాడు ఆయన సుత జెరంత తిన్నడన్నా” అంది. “నీకు సుత తల్లిగారిల్లు దొరికింది గదనే అని నవ్విండు. వాడకట్టోళ్లు అందరు తిన్నరు. ఇగో, ఫొటో సుత కట్టించిన” అని గోడ మీదికి చూపించింది.

మంచి ఫ్రేము, పూలదండ ఫొటోలకు దూరంగా, తలుపుకు ఎదురుగా, వచ్చినవాళ్లకు కనబడేటట్టు తగిలించారు. అందులో అందరం ఉన్నాం. అక్క వంగి బియ్యం పోస్తూ ఉంది, సుశీల బియ్యం పట్టుకుని ఉంది, నేను పక్కన నిలబడి, నా మొహంలో అదేదో గొప్ప. మధ్యలో ముగ్గు, ముగ్గు మీద పీట. పీట ఖాళీగా ఉంది. పీట పక్కన బండల మీద కనకవ్వ కూర్చుని ఉంది, కొంగు నిండా బియ్యంతో.

ఒడిబియ్యం పోసేటప్పుడు ఆడబిడ్డను చెయ్యి పట్టుకుని తెచ్చి పీట మీద కూర్చోబెట్టడమే మొదటి పని. ఆ తర్వాతే పసుపు, ఆ తర్వాతే బియ్యం. కుడుకల సైజుకు వంక పెట్టిన అక్క అది చూడలేదు. సుశీలకు మా పద్ధతి తెలియదు, పెద్దావిడ చూసుకుంటారనుకుంది. నేను? నాకు కండ్లున్నాయి గదా. గడీలో వాళ్లు నేల తప్ప దేని మీదా కూర్చునేవాళ్లు కాదు. ఆమె నేల మీద కూర్చుంటే మా కండ్లకు ఏ లోటూ కనబడలేదు, ఉండాల్సిన చోటే ఉన్నట్టు అనిపించింది. అంతమందిలో ఒక్కరం కూడా ఇటు జరుగు తల్లీ అనలేదు. ఇప్పుడు అందామన్నా ఆమెకు మళ్లీ పీట వేసే వీలు లేదు.

ఎట్లాగో అడిగాను. “కనకవ్వా, ఆనాడు పీట మీద కూసోలేదేందమ్మా?”

ఆమె తల తిప్పి ఫొటో చూసింది. ఏదో తప్పు చేసి దొరికినట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “గా పీటనా అన్నా? అది పెద్దదొరసాని కోసం వేసిన్రనుకున్న” అంది. నేల మీద కూర్చునే అంది. నేను వాళ్లింట్లో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని విన్నాను.